నూనె లెక్క ఎవరు చూడాలి?

ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తోంది. "వంటకి ఏ నూనె వాడితే మంచిదండీ?" రాజమండ్రి నుంచి రాసినా, కరీంనగర్ నుంచి రాసినా, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి రాసినా అడిగేది ఇదే. సన్‌ఫ్లవర్ విషమని వాట్సాప్‌లో వచ్చిందని ఒకరు రాస్తారు. గానుగ నూనె తప్ప ఇంకేదీ ముట్టొద్దని మరిది చెప్పాడని ఇంకొకరు. ఆలివ్ నూనె కొనే స్తోమత లేదు, మా ఆయనకేమన్నా అవుతుందేమోనని వేరొకరు.

ఈ ఉత్తరాలన్నీ చదువుతుంటే నాకు నూనె సందేహం కన్నా వాటి వెనక ఉన్న భయమే ఎక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికి కొలెస్టరాల్ పెరిగినా, ఎవరికి గుండె పట్టేసినా, ఆ మాట చివరికి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మీదికే వస్తుందన్న భయం! ఇది ఊరికే పుట్టింది కాదు. ఎన్నో ఏళ్లుగా నూనెల ప్రకటనల్లో మనకి చూపిస్తున్నది ఏమిటి? మెట్లెక్కి ఆయాసపడే భర్త, బెంగగా చూసే భార్య, ఆమె చేతిలో నూనె ప్యాకెట్టు. ఆయన సిగరెట్టు, ఆయన సాయంత్రపు మిర్చి బజ్జీ, కుర్చీలోంచి కదలని ఆయన ఉద్యోగం... ఇవేవీ ఆ ప్రకటనలో కనిపించవు.

కాబట్టి ముందు ప్యాకెట్టు మీది మాటల సంగతి చూద్దాం. "కొలెస్టరాల్ లేని నూనె" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. నిజమే, లేదు. వేరుశనగ నూనెలో లేదు, నువ్వుల నూనెలో లేదు, పామాయిల్‌లోనూ లేదు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్టరాల్ ఉండదు. కొలెస్టరాల్ జంతువుల నుంచి వచ్చే పదార్థాల్లో ఉంటుంది. అంటే ఆ మాట ఏ నూనె మీదైనా రాసుకోవచ్చు. ఉప్పు ప్యాకెట్టు మీద "ఇందులో పంచదార లేదు" అని రాసినట్టే!

మరి నూనెలన్నీ ఒకటేనా అంటే కాదు. తేడా వాటిలోని కొవ్వు రకంలో ఉంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో సుమారు సగం. ఈ రకం కొవ్వు ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో సంతృప్త కొవ్వు అయిదో వంతుకి అటూ ఇటూగానే ఉంటుంది. సన్‌ఫ్లవర్, కుసుమ నూనెల్లో అంతకన్నా తక్కువ. అయితే ఆ రెండింటిలో ఒమేగా-6 అనే రకం కొవ్వు చాలా ఎక్కువ, ఒమేగా-3 లేనట్టే లెక్క. ఆవనూనె, సోయా నూనె, అవిసె గింజల్లో ఒమేగా-3 దొరుకుతుంది. ఇలా ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఉండదు. అందుకే మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒకే నూనెని పట్టుకుని కూర్చోకుండా మార్చి మార్చి వాడుకోమని ఎన్నాళ్ల నుంచో చెబుతోంది.

ఇది మన పెద్దవాళ్లకి పుస్తకం చదవకుండానే అలవాటైన పద్ధతి. ఆవకాయకి నువ్వుల నూనె... గోదావరి జిల్లాల్లో దాన్నే పప్పునూనె అంటారు. వేపుళ్లకి వేరుశనగ నూనె, తెలంగాణలో పల్లి నూనె. కొన్నిచోట్ల కుసుమ నూనె. అరకు కొండల్లో వలిసెల నూనె. చేలో ఏది పండితే గానుగలో అది ఆడేది. ఇప్పుడు మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వస్తోంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి. సన్‌ఫ్లవర్ ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల వైపు నుంచి. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైతే ఇక్కడ మన కిరాణా కొట్లో ప్యాకెట్టు ధర ఎగబాకడం మనందరికీ గుర్తే!

ఇక విషమా, అమృతమా అన్న తగువు. గింజల నుంచి తీసిన రిఫైన్డ్ నూనెలన్నీ విషమని, ఒంట్లో వాపు పుట్టిస్తాయని ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఇందులో నిజమెంత? సంతృప్త కొవ్వు తగ్గించి దాని బదులు ఇలాంటి నూనెలు వాడితే చెడు కొలెస్టరాల్ తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడగట్టి, అలా మార్చుకుంటే గుండెజబ్బులు కూడా తగ్గుతాయని చెప్పింది. మరోపక్క అమెరికాలోని మిన్నెసోటాలో 1968 నుంచి 1973 దాకా జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఉంది. దాని పూర్తి లెక్కలు 2016లో గానీ బయటికి రాలేదు. అందులో మొక్కజొన్న నూనె తిన్నవాళ్లకి కొలెస్టరాల్ తగ్గింది గానీ మరణాలు తగ్గలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచేది ఒక్కటే. ఈ నూనెలు విషం కావు. అలాగని మందూ కావు. మోతాదు దాటితే ఏదీ మేలు చెయ్యదు.

గానుగ నూనె గురించీ ఇదే మాట. అది వాసనగా ఉంటుంది, కమ్మగా ఉంటుంది, రిఫైన్ చేసేటప్పుడు పోయే కొన్ని మంచి పదార్థాలు అందులో మిగులుతాయి. కాదనను. కానీ కొవ్వు కొవ్వే. ఏ నూనె అయినా ఒక గ్రాముకి 9 కేలరీలు. చెక్క గానుగలో ఆడించినంత మాత్రాన అది 8 కాదు! ఇంకో సంగతి. పల్లీలకి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చాలా చెడ్డది. రిఫైన్ చేసినప్పుడు అది పోతుంది, గానుగలో పోదు. కాబట్టి గానుగ నూనె కొనేవాళ్లు సీసా అందం చూడకుండా, ఆడించే గింజలు ఎలాంటివో కళ్లారా చూసి కొనుక్కోవాలి.

మా వీధిలో ఒక అత్తయ్యగారున్నారు. "రిఫైన్డ్ మానేసి గానుగకి మారాం అమ్మాయ్, ఇక బెంగ లేదు" అన్నారు మొన్న. సంతోషం. అయితే బెంగ లేదు కదా అని ఇప్పుడు రోజూ అప్పడాలు, వడియాలు వేగుతున్నాయి. నెలకి మూడు లీటర్లు పట్టే ఇంట్లో అయిదు పడుతోంది. "మంచి నూనె" అన్న ధైర్యం చేసే పని ఇదే. ఏ నూనె అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఎంత నూనె అన్న ప్రశ్న ఎవరూ అడగరు. అమ్మేవాళ్లు అసలే అడగరు!

మరి ఎంత? జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు సరిపోతాయని చెప్పింది. అంటే ఇంచుమించు రెండు పెద్ద చెంచాలు. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు లెక్క వేయండి. నలుగురున్న ఇంటికి నెలకి సుమారు మూడున్నర లీటర్లు. అందులోనే నెయ్యీ, పచ్చడి మీద తేలే నూనే, దోసెల పెనం మీద వేసేదీ. ఒళ్లు వంచి పని చేయని ఇంట్లో అయితే మూడు చాలు. ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకా తక్కువ. ప్యాకెట్టు కొనేటప్పుడు వెనక నికర బరువు కూడా చూడండి. ఒకేలా కనిపించే ప్యాకెట్లన్నీ ఒకే బరువు ఉండవు.

"మేం కూరలో రెండు చెంచాలే వేస్తామండీ" అనేవాళ్లు చాలామంది. నిజమే కావచ్చు. కానీ పప్పు పోపులో ఒకటి, చట్నీ పోపులో అర, పిల్లవాడి దోసెలకి మూడు, వేపుడుకి నాలుగు, సాయంత్రం బజ్జీలు పీల్చుకున్నది ఎంతో లెక్కే లేదు. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు. అది కరగాలంటే సుమారు అరగంట చురుగ్గా నడవాలి. మనలో ఎంతమందికి ఆ అరగంట దొరుకుతోంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా స్త్రీలకి రక్తహీనత! ఒళ్లు పెరుగుతోంది, ఒంట్లో రక్తం లేదు. తప్పంతా నూనెదేనని నేననను. కానీ నూనె కేలరీలిస్తుంది, ఇనుము ఇవ్వదు. నెలకి ఒక లీటరు నూనె తగ్గితే మిగిలే డబ్బుతో ఎన్ని గుడ్లొస్తాయి, ఎంత తోటకూర వస్తుంది, ఎన్ని శనగలొస్తాయి... ఆ లెక్క మీకే బాగా తెలుసు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతికొస్తాను. పండక్కి అరిసెలో, గారెలో చేస్తాం. బాణలిలో మిగిలిన నూనె ఏమవుతుంది? పారబొయ్యడానికి ప్రాణం ఒప్పదు. వడగట్టి పెట్టుకుంటాం. మర్నాడు పూరీలకి, ఆ తర్వాత పోపులకి. కాచిన నూనెని మళ్లీ మళ్లీ మరగబెడితే అది విరిగి చెడ్డ పదార్థాలు పుడతాయి. మన దేశంలో ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ హోటళ్లకి దీని మీద ఒక నియమం పెట్టింది. నూనెలో అలాంటి చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదు. 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. మన వీధి చివర బజ్జీల బండి దగ్గర అది కొలిచేవాళ్లెవరు? బాణలి అడుగున తారులా ఉన్నదాన్ని మన కళ్లే కొలవాలి.

ఇంట్లో సంగతి ఇంకోలా ఉంటుంది. కొత్త నూనెలో వేగింది ముందు చుట్టాలకి, పిల్లలకి, మగవాళ్లకి వడ్డిస్తాం. రెండోసారి, మూడోసారి కాగిన నూనెతో పెట్టిన పోపు, మాడిన అడుగు, మిగిలిపోయిన వేపుడు ఎవరి కంచంలోకి వస్తున్నాయి? చెప్పక్కర్లేదు కదా! "పారేస్తే పాపం" అంటూ మన పొట్టనే చెత్తబుట్ట చేసుకుంటాం.

తినకపోయినా పొగ తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2010లో ప్రచురించిన నివేదికలో, బాగా కాగిన నూనెలో వేపేటప్పుడు వచ్చే పొగని బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. చైనాలో సిగరెట్టు ముట్టని ఆడవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకొస్తోందని వెతుకుతూ పోయినవాళ్లు చివరికి వంటింట్లో తేలారు. ఇది వినగానే బెదిరిపోనక్కర్లేదు. రోజూ చేసే పోపుతో ప్రాణం పోదు. కానీ కిటికీ లేని అద్దె ఇళ్ల వంటగదుల్లో, అయిదడుగుల జాగాలో, నూనె పొగలు కక్కేదాకా కాచి, గంటల తరబడి నిలబడే మనకి దగ్గొస్తే "ఘాటు తగిలింది" అని ఊరుకుంటున్నాం. ఇల్లు చూసేటప్పుడు హాలు ఎంత పెద్దదో, టీవీ ఎక్కడ పెట్టాలో చూస్తాం. వంటింటికి కిటికీ ఉందా, పొగ లాగే ఫ్యాను ఉందా అని ముందు చూడమని నా సలహా. ఆ ఫ్యాను మన మందుల ఖర్చు కన్నా చవక.

బయటి తిండి గురించి కూడా ఒక మాట. 1937లో డాల్డా వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్లలో అది నెయ్యి అయింది, చివరికి వనస్పతి అంటే డాల్డా అన్నంతగా ఆ పేరు స్థిరపడింది. నూనెని గడ్డకట్టించే ఆ పద్ధతిలో ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. ఇది చెడు కొలెస్టరాల్‌ని పెంచి, మంచి కొలెస్టరాల్‌ని తగ్గిస్తుంది. అమెరికాలో దాదాపు 85 వేల మంది నర్సులని 8 ఏళ్లు గమనించి 1993లో ఒక నివేదిక వెలువరించారు. ట్రాన్స్ కొవ్వు బాగా తిన్నవాళ్లకి, తక్కువ తిన్నవాళ్లతో పోలిస్తే గుండెజబ్బు ముప్పు ఒకటిన్నర రెట్లు ఉందని అందులో తేలింది. గమనించండి, ఆ పరిశోధనలో ఉన్నదంతా స్త్రీలే. గుండెజబ్బు మగవాళ్ల జబ్బు అనుకునేవాళ్లకి అది చెంపపెట్టు. డెన్మార్క్ 2003లోనే దీనికి కళ్లెం వేసింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ఇది 3 శాతం దాటకూడదని 2021 జనవరి నుంచి, 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి నియమం వచ్చింది. మంచిదే. నియమం కాగితం మీద ఉంది, పఫ్ మన పిల్లవాడి చేతిలో ఉంది. బేకరీ సరుకు, క్రీము కేకు, మెరిసే మిఠాయి రోజువారీ తిండి కాకుండా చూసుకోవడం మన పని. విడిగా డబ్బాలో పోసి అమ్మే ఊరూపేరూ లేని నూనె కూడా వద్దు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి వేలమంది మంచం పట్టారు, 60 మందికి పైగా చనిపోయారు. చవకగా వచ్చిందని తెచ్చుకున్న సీసా ఖరీదు అంత!

ఇంతా చదివి కొందరు ఇవాళ్టి నుంచి నూనె చుక్క వెయ్యం అంటారని నాకు తెలుసు. మనవాళ్లు ఏది చేసినా అంచుకే పోతారు. ఒకప్పుడు నూనె లేని వంట, కొన్నేళ్ల కిందట గ్లాసుల్లో కొబ్బరినూనె తాగే డైట్. రెండూ మన ఊళ్లలో చూశాం. నూనె అసలు లేకపోతే ఆకుకూరల్లోని, క్యారెట్లోని విటమిన్ ఎ ఒంటికి సరిగా పట్టదు. విటమిన్ డి, ఇ, కె సంగతీ అంతే. గర్భిణికి, బాలింతకి, ఎదిగే పిల్లలకి కొవ్వు కావాలి. ఇంకోవైపు, కొబ్బరినూనె మిగతా వంటనూనెల కన్నా చెడు కొలెస్టరాల్‌ని పెంచుతుందని 2020లో అనేక పరిశోధనలు కలిపి చూసినప్పుడు మళ్లీ రుజువైంది. షుగరో, గుండెజబ్బో ఉన్నవాళ్లు ఏదైనా మార్చే ముందు తమ డాక్టర్ని అడగాలి తప్ప ఫోన్లో వీడియోని కాదు.

చేయాల్సినవి నిజానికి చిన్న పనులే. నూనె క్యాన్‌లోంచి వంచి పొయ్యకండి, చెంచాతో కొలవండి. డీప్ ఫ్రై చేసే రోజు చిన్న బాణలి పెట్టండి, మిగిలేది తక్కువ. మిగిలినది చల్లారాక వడగట్టి, కొత్త నూనెలో కలపకుండా, ఒకటి రెండు రోజుల్లో కూరలకి వాడెయ్యండి. నల్లబడినా, నురగ వచ్చినా, జిగటగా మారినా, వాసన వేసినా మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించొద్దు. నూనె పొగ చిమ్మకముందే ఆవాలు వెయ్యండి. బెండకాయ, దొండకాయ ముందు కాస్త ఆవిరి మీద మగ్గనిస్తే సగం నూనెతో వేగుతాయి. రెండు నూనెలు తెచ్చుకుని మార్చి వాడండి, అందులో ఒకటి మన ప్రాంతంలో పండేదైతే మరీ మంచిది.

కానీ ఇవన్నీ చేసినప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మొదటి రోజే కంచం దగ్గర మాట పడుతుంది. "ఏంటివాళ కూర ఇలా ఉంది? ఉప్పూ నూనె మర్చిపోయావా?" అత్తగారు మొహం చిట్లిస్తారు. కొడుకు ఫోన్ తీసి బయట నుంచి తెప్పించుకుంటాడు. నాలుగు రోజులు పోరాడి అయిదో రోజు మనం మళ్లీ మామూలుగా వంచి పోస్తాం. ఆ తర్వాత ఎప్పుడో రిపోర్టులో అంకె పెరిగితే "నీ వంట వల్లే" అంటారు! రుచి తగ్గినా మనదే తప్పు, కొవ్వు పెరిగినా మనదే తప్పు. ఈ న్యాయం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అందుకే అంటున్నాను, నూనె లెక్క ఒక్కరి చేతిలో ఉండకూడదు. నెల మొదట్లో ఇంటికి రావాల్సిన నూనె ఎంతో అందరూ కూర్చుని అనుకోండి. ఆ నూనెని ఒక సీసాలో పోసి, వారం వారం గుర్తు పెట్టి, అందరికీ కనిపించేచోట ఉంచండి. ఆదివారం పకోడీలు కావాలన్నవాళ్లకి ఆ సీసా చూపించండి. "వండుతాను, బుధవారం వేపుడు మానేద్దామా?" అని అడగండి. ఆ నిర్ణయం వాళ్ల నోటి నుంచి రానివ్వండి. లెక్కలొచ్చిన పిల్లలకి ఆ గుర్తులు పెట్టే పని అప్పజెప్పండి, సరదాగా చేస్తారు. మగవాళ్లు నెలకి నాలుగు రోజులు పొయ్యి దగ్గర నిలబడితే వేపుడు ఎంత నూనె తాగుతుందో, ఆ పొగ ఎలా ఉంటుందో వాళ్లకే తెలిసొస్తుంది. నాలుక కూడా అలవాటుకి లొంగేదే. కొన్ని వారాలు ఓపిక పడితే ఇప్పుడు చప్పగా అనిపించిన కూరే బావుందంటారు.

వచ్చే ఒకటో తారీఖున సరుకుల చీటీ రాసేటప్పుడు "నూనె" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో ఎంతమంది, పోయిన నెల ఎన్ని ప్యాకెట్లు ఖర్చయ్యాయి, లెక్క తలకెంత పడింది... వేసి చూడండి. ఆ లెక్క ఇంట్లో పదిమందిలో చదివినప్పుడు ఎవరేమన్నారో మాకు రాయండి. వంటింటి కబుర్లు ఈ పేజీలో ఎన్నో వేశాం. ఈసారి వంటింటి లెక్కలు వేద్దాం.